బాక్‌ నేర్పాడు... బార్‌ పాడించింది!

ఆమె చదివింది శాస్త్రీయ సంగీతం. కడుపు నింపింది జాజ్‌. ఊహ తెలియకముందే ఒంటబట్టింది చర్చి పాట. ఈ మూడింటినీ ఒకే పియానో మీద, ఒక్కోసారి ఒకే పాటలో పలికించిన కళాకారిణి నీనా సిమోన్‌. కానీ, తనని ఎవరైనా ‘జాజ్‌ గాయని’ అంటే మాత్రం ఆమెకు ఒళ్లు మండిపోయేది!

అట్లాంటిక్‌ సిటీ. వేసవి వస్తే చాలు, సముద్రపు గాలి కోసం అమెరికా తూర్పుతీరంలోని జనమంతా పరుగెత్తే ఊరు. అక్కడ పసిఫిక్‌ అవెన్యూలో మిడ్‌టౌన్‌ బార్‌ అని ఓ మామూలు తాగుడు దుకాణం. 1954 వేసవిలో ఆ బార్‌కి కొత్తగా పియానో వాయించే అమ్మాయి వచ్చింది. వయసు ఇరవై ఒకటి. వారానికి తొంభై డాలర్ల జీతం. రాత్రి మొదలుపెడితే తెల్లవారుజాము దాకా పని.

మొదటిరోజు ఆమెని చూసి బార్‌లో ఉన్నవాళ్లంతా కళ్లప్పగించారు. పొడవాటి షిఫాన్‌ గౌను వేసుకుని, పెద్ద సభలో కచేరీకి వచ్చినట్టు వచ్చి కూర్చుంది. తాగడానికి ఏం కావాలంటే... పాలు అంది! ఆ తర్వాత కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. కాసేపు బాక్‌. అందులోంచి ఓ చర్చి కీర్తన. దాన్ని అలా అలా తిప్పి జనం నోళ్లలో నానే ఓ పాట. ఎక్కడ ఏది మొదలైందో, ఎక్కడ ఏది ముగిసిందో తెలియకుండా గంటలకొద్దీ వాయించింది.

యజమాని దగ్గరికొచ్చి ‘బాగానే ఉంది, మరి పాడవేం?’ అన్నాడు. తాను పియానో కళాకారిణినే తప్ప గాయనిని కానంది. పాడితేనే ఉద్యోగం, లేకపోతే లేదని తేల్చేశాడాయన. మర్నాటి నుంచీ పాడింది. అప్పటిదాకా ఆమెకు గాయని కావాలన్న ఆలోచనే లేదు. ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గొంతుల్లో ఒకటి అలా, పూటగడవడం కోసం బయటికొచ్చింది!

ఇంకో చిక్కు ఉంది. ఆమె తల్లి చర్చిలో వాక్యం చెప్పే బోధకురాలు. బార్లలో వినిపించే సంగీతం ఆవిడ దృష్టిలో సైతాను సంగీతం. కూతురు అక్కడ పాడుతోందని తెలిస్తే ఇంకేమైనా ఉందా! అందుకే పేరు మార్చుకుంది. ఓ స్నేహితుడు ముద్దుగా పిలిచే ‘నీనా’ (స్పానిష్‌లో చిన్నపిల్ల అని అర్థం) ఒకటి, తనకిష్టమైన ఫ్రెంచి నటి సిమోన్‌ సిన్యోరే పేరులోంచి ‘సిమోన్‌’ ఇంకొకటి. యూనిస్‌ కాథ్లీన్‌ వేమన్‌ కాస్తా నీనా సిమోన్‌ అయింది.

రైలు పట్టాలు దాటి...

నార్త్‌ కరోలినా రాష్ట్రంలోని ట్రయన్‌ ఓ చిన్న ఊరు. 1933 ఫిబ్రవరి 21న యూనిస్‌ అక్కడే పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో ఆరోది. తండ్రి రకరకాల పనులు చేసి, ఆర్థికమాంద్యం దెబ్బకి అన్నీ పోగొట్టుకున్న మనిషి. తల్లి ఓవైపు చర్చిలో బోధిస్తూ మరోవైపు తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసేది.

ఇంట్లో ఆర్గన్‌ ఉండేది. రెండున్నరేళ్ల వయసులో యూనిస్‌ దానిమీద ఓ కీర్తనని సొంతంగా వాయించేసిందట. కాళ్లు పెడల్స్‌కి అందవు, చేతులు మాత్రం ఎక్కడికి వెళ్లాలో అక్కడికే వెళ్లేవి. ఇంకాస్త పెద్దయ్యాక చర్చిలో పియానో ఆమెదే. ప్రార్థనలకీ ఉజ్జీవ కూటాలకీ తల్లి వెంట వెళ్లేది. అక్కడ పాటలు పుస్తకంలో ఉన్నట్టు సాగవు. ఎవరో ఒకరు పూనకం వచ్చినట్టు లేచి గంతులేస్తారు. ఒకరు ఏడుస్తారు. బోధకుడి గొంతు హెచ్చితే పియానో హెచ్చాలి, తగ్గితే తగ్గాలి. పాటని ఎప్పుడు ఆపాలన్నది వాయించేవాళ్ల ఇష్టం కాదు, వింటున్నవాళ్ల ఆవేశం. గాస్పెల్‌ సంగీతానికి ప్రాణం ఇదే. రాగం అందరూ నేర్చుకోగలరు. జనాన్ని ఒక అంచుదాకా తీసుకెళ్లి అక్కడే నిలబెట్టడం మాత్రం ఇలాంటి కూటాల్లోనే వంటబట్టాలి. నీనా కచేరీల గురించి రాసినవాళ్లంతా ఒక మాట తప్పకుండా అంటారు... ఆమె జనాన్ని వశం చేసుకుంటుందని. ఆ విద్యకి గురువులెవరంటే, ట్రయన్‌లోని ఆ చర్చి జనమే.

తల్లి పనిచేసే ఇంటావిడ ఈ పిల్ల వాయించడం విని, నేర్పించకపోతే పాపం అనుకుంది. ఫీజు తానే కట్టింది. అలా దొరికిన గురువు మ్యూరియల్‌ మజనోవిచ్‌. ఇంగ్లండ్‌ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన తెల్ల మహిళ. యూనిస్‌కి ఆవిడ ‘మిస్‌ మజ్జీ’. వారానికోసారి రైలుపట్టాలు దాటి తెల్లవాళ్ల పేటలోని ఆ ఇంటికి నడిచి వెళ్లేది. పట్టాలకి ఇవతల నల్లవాళ్లు, అవతల తెల్లవాళ్లు... దక్షిణాది ఊళ్ల లెక్క అప్పట్లో అలాగే ఉండేది.

మిస్‌ మజ్జీ నేర్పింది ప్రధానంగా బాక్‌. మూడువందల ఏళ్లనాటి ఈ జర్మన్‌ స్వరకర్త సంగీతంలో ఓ విచిత్రం ఉంది. ఒక చిన్న బాణీని ఒక ‘గొంతు’ మొదలుపెడుతుంది. అది సగంలో ఉండగానే రెండోది అదే బాణీని అందుకుంటుంది. ఆ వెనకే మూడోది. అన్నీ ఒకదాన్నొకటి తరుముతూనే ఉంటాయి, ఏదీ దేనికీ అడ్డు రాదు. అదంతా ఒక మనిషి పదివేళ్లతో చెయ్యాలి! ఒక చెయ్యి పాట, ఇంకో చెయ్యి తాళం అనే పద్ధతికి ఇక్కడ చోటు లేదు. బాక్‌ అర్థమయ్యాక సంగీతం తప్ప ఇంకేదీ వద్దనుకున్నానని నీనా తర్వాత ఆత్మకథలో రాసుకుంది.

పదకొండు, పన్నెండేళ్లప్పుడు ఊళ్లో ఆమె తొలి కచేరీ ఏర్పాటు చేశారు. అమ్మానాన్నా ముందువరసలో కూర్చున్నారు. ఇంతలో ఎవరో తెల్లవాళ్లు రావడంతో నిర్వాహకులు వాళ్లని లేపి వెనక్కి పంపారు. పియానో ముందున్న పిల్ల అది చూసింది. తల్లిదండ్రుల్ని ముందుకి తీసుకొస్తేనే వాయిస్తానని మొండికేసింది. తీసుకొచ్చారు. వాయించింది. జాతి అంటే ఏమిటో అంతకుముందు ఆలోచించలేదనీ, ఆరోజు చర్మం ఒలిచినట్టయిందనీ తర్వాత చెప్పుకుంది.

ఇదే ఊరు గురించి ఇంకోమాట కూడా చెప్పాలి. ఆ పిల్ల చదువు కోసం ఊళ్లోవాళ్లు ఓ నిధి పోగుచేశారు. అందులో నల్లవాళ్ల డబ్బూ ఉంది, తెల్లవాళ్ల డబ్బూ ఉంది. ఆ సాయంతోనే ఆష్‌విల్‌లోని బోర్డింగ్‌ స్కూల్లో చేరింది. 1950లో తరగతిలో మొదటి స్థానంలో నిలిచింది. ఆ వేసవి న్యూయార్క్‌లోని జూలియర్డ్‌ సంగీత పాఠశాలలో కార్ల్‌ ఫ్రీడ్‌బర్గ్‌ దగ్గర పాఠాలు. ఆయన క్లారా షూమన్‌ శిష్యుడు. అంటే, పందొమ్మిదో శతాబ్దపు జర్మన్‌ పియానో పరంపర నేరుగా ఈ ట్రయన్‌ అమ్మాయి వేళ్లదాకా వచ్చిందన్నమాట!

ఒక ‘నో’

ఇక మిగిలింది ఫిలడెల్ఫియాలోని కర్టిస్‌ ఇన్‌స్టిట్యూట్‌. చేరినవాళ్ల దగ్గర ఫీజు తీసుకోని సంస్థ అది. చేర్చుకునేదీ కొద్దిమందినే. సీటు ఖాయం అనుకుని కుటుంబం ఫిలడెల్ఫియాకి మకాం మార్చింది. 1951లో యూనిస్‌ పరీక్షకి వెళ్లింది. సీటు రాలేదు.

ఎందుకు రాలేదు? నల్లపిల్ల కాబట్టేనని తెలిసినవాళ్లు చెప్పారు. ఆమె నమ్మింది. చనిపోయేదాకా అదే నమ్మింది. అటువైపు వాదన వేరే ఉంది. కర్టిస్‌ ఆచార్యుడు వ్లాదిమిర్‌ సొకొలోఫ్‌ ఆ తర్వాత ఆమెకు విడిగా పాఠాలు చెప్పాడు. రంగు కారణం కాదు, ఆమెకన్నా బాగా వాయించినవాళ్లు ఉన్నారంతే అన్నది ఆయన మాట. జార్జ్‌ వాకర్‌ అనే నల్లజాతి సంగీతకారుడు 1945లోనే కర్టిస్‌ నుంచి పట్టా పుచ్చుకున్న మాటా నిజం. కానీ, తల్లిదండ్రుల్ని కుర్చీల్లోంచి లేపడం కళ్లారా చూసిన అమ్మాయికి ఈ లెక్కలు చెప్పి ఒప్పించగలిగేదెవరు? ఊళ్లో చందాలేసుకున్న ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పుకోవాల్సిన పరిస్థితి ఆమెది. ఆ ‘నో’ వెనక అసలు కారణం ఏదైనా, దాని బరువు మాత్రం ఏమాత్రం తగ్గదు.

సొకొలోఫ్‌ ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. పాఠాల మధ్యలో ఓసారి ఆమె జాజ్‌ వాయించి చూపిస్తే ఆయన ముచ్చటపడి, ఇదే వృత్తిగా చేసుకోవచ్చు కదా అన్నాడట. ఆమె ససేమిరా అంది. తన మొదటి ప్రేమ శాస్త్రీయ సంగీతమేనంది.

ఆ పాఠాలకి డబ్బు కావాలి. పాటలు నేర్చుకునేవాళ్లకి పియానో సహకారం అందిస్తే వచ్చేది చాలదు. తనకన్నా తక్కువ వచ్చినవాళ్లు అట్లాంటిక్‌ సిటీలో వేసవి మూణ్నెల్లూ వాయించి బాగా సంపాదిస్తున్నారని విని అటు బయల్దేరింది. అదీ మిడ్‌టౌన్‌ బార్‌ వెనకున్న కథ.

ఒక పాటలో రెండు పాటలు

మొదటి ఆల్బమ్‌ ‘లిటిల్‌ గర్ల్‌ బ్లూ’ని 1957 చివర్లో బెత్లెహామ్‌ అనే కంపెనీకి రికార్డు చేసింది. ఇందులో రెండు పాటలు వింటే చాలు, ఈమె ఏం చేసిందో అర్థమవుతుంది.

ఒకటి, ఆల్బమ్‌ పేరున్న పాటే. ఒంటరి అమ్మాయి దిగులు గురించిన పాత నాటక గీతం. నీనా దీన్ని మొదలుపెట్టేటప్పుడు వినిపించేది మాత్రం ఓ క్రిస్మస్‌ పాట బాణీ! ‘గుడ్‌ కింగ్‌ వెన్సెస్లస్‌’ అని పిల్లలంతా పాడుకునేది. వేళ్లకింద పండగ పాట నడుస్తుండగానే గొంతు ఆ దిగులు పాటని ఎత్తుకుంటుంది. రెండూ విడివిడిగా వినిపిస్తాయి, రెండూ ఒక్కటిగానూ వినిపిస్తాయి. పండగనాడు ఒంటరిగా కూర్చున్న అమ్మాయి కళ్లముందు మెదులుతుంది. బాక్‌ నేర్పిన విద్య ఇలా ఉపయోగపడుతుందని మిస్‌ మజ్జీ కూడా ఊహించి ఉండదు.

రెండోది ‘లవ్‌ మి ఆర్‌ లీవ్‌ మి’. హుషారైన జాజ్‌ పాట. ఇలాంటి పాటల్లో మధ్యలో పియానోకి కొంత జాగా వదులుతారు. మన కచేరీల్లో మనోధర్మం చూపించే చోటులాంటిదే అది. మామూలు జాజ్‌ కళాకారులైతే అక్కడ అప్పటికప్పుడు పుట్టిన కొత్త బాణీలు అల్లుతారు. నీనా కూడా అల్లుతుంది, అయితే బాక్‌ పద్ధతిలో! ఒక చేతిని ఇంకో చెయ్యి తరుముతుంది. వెనకాల డ్రమ్స్‌ మాత్రం ఏమీ ఎరగనట్టు జాజ్‌ తాళం వేస్తూనే ఉంటాయి. ఇది అలంకారానికి పూసిన పూత కాదు. ఆమె ఆలోచించే భాషే అది.

ఆ ఆల్బమ్‌లోనే ఉన్న ‘ఐ లవ్స్‌ యు, పోర్గీ’ 1959లో అమెరికా తొలి ఇరవై పాటల్లోకి ఎక్కింది. ఆ ఏడు సెప్టెంబరులో న్యూయార్క్‌ టౌన్‌హాల్లో కచేరీ చేసేసరికి ఆమె పేరు మార్మోగిపోతోంది. అయితే, అప్పటికే ఓ పొరపాటు జరిగిపోయింది. మూడువేల డాలర్లు చేతిలో పడగానే ఆ ఆల్బమ్‌ మీద హక్కులన్నీ రాసిచ్చేసింది. దాని ఖరీదెంతో తెలియడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ సంగతి తర్వాత.

పాడేటప్పుడు ఎవరైనా మాట్లాడితే ఆపేసేది. సద్దుమణిగితే సరే, లేదంటే లేచి వెళ్లిపోయేది. బార్‌లోనూ అంతే, పెద్ద హాల్లోనూ అంతే. పొగరు అన్నారు. శాస్త్రీయ సంగీత సభలో నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లు తన దగ్గర మాత్రం ఎందుకు కూర్చోరన్నది ఆమె ప్రశ్న. జాజ్‌ అనేది నల్లవాళ్ల సంగీతానికి తెల్లవాళ్లు తగిలించిన పేరనీ, తాను వాయించేది ‘నల్లజాతి శాస్త్రీయ సంగీతం’ అనీ వాదించేది. ఇందులో కొంత గాయం ఉంది, కొంత నిజమూ ఉంది.

1963 ఏప్రిల్‌ 12న కార్నెగీ హాల్లో తొలిసారి సొంత కచేరీ. మిస్‌ మజ్జీ చిన్నప్పుడు కలగనమన్న వేదికల్లో అదొకటి. ఎట్టకేలకు అక్కడికి చేరినా బాక్‌ని వాయించడానికి కాదు కదా అన్న వెలితిని మాత్రం ఆమె దాచుకోలేదు. అదేరోజు బర్మింగ్‌హామ్‌లో మార్టిన్‌ లూథర్‌ కింగ్‌ని అరెస్టు చేశారు. నాటక రచయిత్రి లొరెయిన్‌ హాన్స్‌బెరీ ఆమెకు ఆప్తమిత్రురాలు. కచేరీ గురించి కాదు, ఈ అరెస్టు గురించి నువ్వేం చేస్తున్నావని నిలదీసింది.

తుపాకీ పక్కనపెట్టి...

1963 జూన్‌లో మిసిసిపీలో పౌరహక్కుల నేత మెడ్గర్‌ ఎవర్స్‌ని ఇంటిముందే కాల్చిచంపారు. సెప్టెంబరు 15, ఆదివారం... బర్మింగ్‌హామ్‌లోని సిక్స్‌టీన్త్‌ స్ట్రీట్‌ బాప్టిస్ట్‌ చర్చిలో బాంబు పేలింది. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్లు, ఒకరికి పదకొండు. చర్చి పియానో ముందు పెరిగిన నీనాకి అది ఎక్కడో జరిగిన వార్త కాదు.

గ్యారేజీలోకెళ్లి దొరికిన సామానుతో నాటుతుపాకీ తయారుచెయ్యడం మొదలుపెట్టింది! ఆమె భర్త ఆండ్రూ స్ట్రౌడ్‌ మాజీ పోలీసు డిటెక్టివ్‌. నీకు చంపడం గురించి ఏం తెలుసు, నీకు తెలిసింది సంగీతమే కదా అన్నాడు. పియానో ముందు కూర్చుంది. గంటలోపే ‘మిసిసిపీ గాడ్‌డామ్‌’ పుట్టింది.

ఈ పాట విననివాళ్లు ఇదేదో ఉద్యమగీతంలా ఉరుముతుందనుకుంటారు. కాదు. బాణీ గంతులేస్తుంది, నాటకంలో డ్యాన్సు పాటలా ఉంటుంది. 1964లో కార్నెగీ హాల్లో పాడుతూ, ఇంకా రాయని నాటకంలోని పాట ఇదని చెప్తే జనం నవ్వారు. పాట సాగేకొద్దీ నవ్వు ఆగిపోవడం ఆ రికార్డింగులో స్పష్టంగా తెలుస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో దీన్ని నిషేధించారు. పంపిన రికార్డుల్ని విరగ్గొట్టి వెనక్కి పంపిన దుకాణాలూ ఉన్నాయి. బూతుమాట ఉందన్నది పైకి చెప్పిన కారణం.

1965 మార్చి 24న సెల్మా నుంచి పాదయాత్రగా వచ్చినవాళ్ల కోసం మాంట్‌గొమరీ శివార్లలో ఈ పాట పాడింది. శవపేటికల మీద చెక్కలు పరిచి ఆ వేదిక కట్టారని అక్కడున్నవాళ్లు చెప్పేవారు. ‘సిన్నర్‌మాన్‌’ వచ్చిందీ ఆ ఏడే. ఉజ్జీవ కూటాల్లో చిన్నప్పుడు విన్న పాట. పాపి ఒకడు తీర్పురోజున దాక్కోడానికి పరుగెత్తుతుంటాడు. రాయి చోటివ్వదు, నది చోటివ్వదు. పది నిమిషాలకు పైగా సాగే ఈ పాటలో పియానో ఒకే చిన్న ముక్కని పట్టుకుని వదలదు. ఓచోట అన్నీ ఆగిపోయి చప్పట్లు మాత్రమే మిగులుతాయి. నీనా పాటల్లో ఒక్కటే వినే తీరిక ఉందంటే ఇది వినండి.

1968 ఏప్రిల్‌ 4న కింగ్‌ని చంపేశారు. మూడోరోజున వెస్ట్‌బరీలో ఆమెకు కచేరీ ఉంది. బాస్‌ వాయించే జీన్‌ టేలర్‌ ఈలోపే ఓ పాట రాశాడు. సరిగా సాధన చేసే సమయం కూడా లేదు. అలాగే పాడేశారు. పాటకీ ప్రార్థనకీ ఏడుపుకీ మధ్య గీత చెరిగిపోయిన రికార్డింగు అది. మరుసటి ఏడాది, క్యాన్సర్‌తో 34 ఏళ్లకే పోయిన లొరెయిన్‌ జ్ఞాపకంగా ‘టు బి యంగ్‌, గిఫ్టెడ్‌ అండ్‌ బ్లాక్‌’ వచ్చింది.

ఊరూరా...

వేదిక మీద అంతటి మనిషి ఇంట్లో దెబ్బలు తినేది. భర్త కొట్టేవాడని ఆమె డైరీలు చెబుతున్నాయి. కచేరీలూ డబ్బు వ్యవహారాలూ అన్నీ అతని చేతిలోనే ఉండేవి. విడిపోయాక తల్లి కోపం తనమీదికి మళ్లిందని కూతురు లీసా చెప్పింది. 2015లో వచ్చిన ‘వాట్‌ హ్యాపెండ్‌, మిస్‌ సిమోన్‌?’ డాక్యుమెంటరీలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. అందుకే అది అభిమానులు తీసిన పొగడ్త సినిమాలా ఉండదు.

1970 తర్వాత అమెరికాకి దూరమైంది. బార్బడోస్‌, లైబీరియా, స్విట్జర్లాండ్‌, ఫ్రాన్స్‌, నెదర్లాండ్స్‌... ఎక్కడా కుదురులేదు. పన్నుల కేసులు, ఆగిపోయిన కచేరీలు, ప్రేక్షకులతో గొడవలు. ప్యారిస్‌లో చిన్న క్లబ్బుల్లో కొద్ది డబ్బుకి పాడిన రోజులున్నాయి. బైపోలార్‌ డిజార్డర్‌ అని వైద్యులు గుర్తించింది 1980ల్లో. అంతకుముందు ఇరవై ఏళ్లూ లోకం దానికి పెట్టిన పేరు పొగరే!

1987లో షనెల్‌ నంబర్‌ 5 సెంటు ప్రకటనలో ఓ పాత పాట వినిపించింది. ‘మై బేబీ జస్ట్‌ కేర్స్‌ ఫర్‌ మి’. ముప్ఫై ఏళ్లకిందట ఆ మొదటి ఆల్బమ్‌లో, అంతగా పట్టించుకోకుండా పాడిన పాట. బ్రిటన్‌లో అయిదో స్థానానికి ఎగబాకింది. ఐరోపా అంతా మళ్లీ నీనా పేరే. హక్కులు మూడువేల డాలర్లకి ఎప్పుడో అమ్మేసింది కదా... పదిలక్షల డాలర్లకు పైనే నష్టపోయానని లెక్కగట్టుకుంది. అయితేనేం, కచేరీలకి పిలుపులు మాత్రం వచ్చాయి.

రెండు కాలేజీలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాక, తనని డాక్టర్‌ నీనా సిమోన్‌ అనే పిలవాలని పట్టుబట్టేది. 2003 ఏప్రిల్‌లో మరొకటి వచ్చింది. ఇచ్చింది... కర్టిస్‌ ఇన్‌స్టిట్యూట్‌. 1951లో సీటివ్వని సంస్థే. అప్పటికి ఆమె క్యాన్సర్‌తో మంచంలో ఉంది. రెండ్రోజుల తర్వాత, ఏప్రిల్‌ 21న దక్షిణ ఫ్రాన్స్‌లోని కారీ లె రువె అనే సముద్రతీరపు ఊళ్లో కన్నుమూసింది. వయసు డెబ్బై. కోరిక ప్రకారం చితాభస్మాన్ని ఆఫ్రికా దేశాల్లో చల్లారు.

ట్రయన్‌లో ఆమె పుట్టిన మూడు గదుల చెక్క ఇల్లు చాలాకాలం పాడుపడి ఉంది. 2017లో అమ్మకానికి వస్తే, ఎవరైనా కూల్చేస్తారేమోనని నలుగురు నల్లజాతి చిత్రకారులు కలిసి 95 వేల డాలర్లకి కొన్నారు. అంతకు ఏడేళ్ల ముందే ఊళ్లో ఓ కంచు విగ్రహం పెట్టారు. స్టూలు మీద కూర్చున్న నీనా, ఎదురుగా గాల్లో తేలుతున్నట్టుండే పియానో మెట్లు. ఆ విగ్రహం లోపల చిన్న కంచుగుండె ఒకటి అమర్చారు. ఆఫ్రికాకి వెళ్లిన చితాభస్మంలో కొద్దిగా తీసి అందులో ఉంచారు.